సక్కుబాయి సందు

ఒకప్పుడు తార్నాక మొత్తానికి రొట్టెలు పెట్టింది నేనే. పేచ్‌కస్ అనే స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకుని, రెండో కొనను ఇంజను మీద పెట్టి, కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. లోపల ఏ వాల్వు ఎంత సందులో కొట్టుకుంటున్నదో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పేవాణ్ణి. కొలత పరికరం ముట్టకుండా, పుస్తకం తెరవకుండా, ఒక్క చెవితో డీజిల్ ఇంజనును దారికి తెచ్చిన మొనగాణ్ణి. ఈ మాటలన్నీ మొన్న మా పాత విద్యార్థుల కలయికలో, క్యాంపస్‌లోనే, మైకు పట్టుకుని చెప్పాను. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళలో ఒకడు ఆనకట్ట కట్టానన్నాడు, ఒకడు ఎడారి దేశంలో కరెంటు కేంద్రం నడిపానన్నాడు. వాళ్ళ వెనక లేచి నిలబడి నేను పిండి గిర్నీలో పని చేశానంటే చప్పట్లు ఎవరు కొడతారు? అందుకని కాస్త గాలి కొట్టాను. చప్పట్లు బాగానే పడ్డాయి. రెండో వరసలో కూర్చున్న మా ఆవిడ అనసూయ మాత్రం చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక ఆమె నేరుగా వంటింట్లోకి పోయింది. అన్నం పెట్టి, బీరువా అడుగు అరలో పరిచిన కాగితం కిందినుంచి ఒక పెళ్ళి శుభలేఖ తీసి నా కంచం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఒక మూల నూనె పీల్చుకుని నల్లగా ఉంది. ఇంకో మూల పసుపు మీద గోటితో నొక్కినట్టు గీత ఉంది. మిగిలిన రెండు మూలలూ నిన్న పూసినట్టు పచ్చగానే ఉన్నాయి. ఆ పెళ్ళి ఎవరిదో మాకు అప్పుడూ సరిగ్గా తెలియదు, ఇప్పుడూ తెలియదు. కానీ ఆ నల్ల మూలను చూశాక కంచం పక్కకు జరిపి కాగితాలు తీశాను. సరే, రాస్తాను. వేదిక మీద చెప్పింది వేదిక మీదికే, కాగితం మీద వేరు. గిర్నీవాడట అని ఎవరైనా నవ్వితే నవ్వనీ, ఈ వయసులో నాకు ఉద్యోగమిచ్చేవాడూ లేడు, పీకేసేవాడూ లేడు.

ముందుగా తార్నాక మొత్తం సంగతి. మొత్తం కాదు. మా గల్లీ, వెనక గల్లీ, లాలాపేట్ వైపు నుంచి నెత్తిన డబ్బా పెట్టుకుని వచ్చే కొన్ని ఇళ్ళవాళ్ళు, క్యాంపస్‌లో ఒక హాస్టలు. ఆ రొట్టెలకు పిండి పట్టింది కూడా నేను కాదు, మా మేనత్త బాలమణి. అనసూయ ఆమె కూతురు. నేను ఊరినుంచి ఇంజనీరింగు చదవడానికి వచ్చి, అత్త ఇంట్లో తిని, గిర్నీ షెడ్డు పక్క గదిలో పడుకుని, పొద్దున్నే ఆమె పిండి దుమ్మును తలకెత్తుకుని క్యాంపస్‌కు నడిచిపోయినవాణ్ణి. నా కనుబొమలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి గనుక తరగతిలో నన్ను తాత అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు నిజంగానే తెల్లబడ్డాయి, తుడిచినా పోవడం లేదు.

అత్త ఇంట్లో రోజు పొయ్యి దగ్గర మొదలయ్యేది కాదు, ఇంజను దగ్గర మొదలయ్యేది. లేవగానే ముఖం కడుక్కుని, ఇంజను చక్రానికి బొట్టు పెట్టి, నూనె పోయాల్సిన చోట్లన్నిటా చుక్క చుక్క వేసి, చల్లబరిచే నీళ్ళ డ్రమ్ములో చెయ్యి ముంచి చూసి, ఆ తర్వాతే చాయ్ పెట్టేది. ఇంజను తాగనిదే తాను తాగేది కాదు. పొద్దున గోధుమలు, ఆపైన జొన్నలు, మధ్యాహ్నం శనగపప్పు, అన్నిటికీ చివర మిరపకాయలు. మిరపకాయల వేళకు గల్లీ గల్లీ అంతా తుమ్మేది. మిరపకాయలయ్యాక రాళ్ళు శుభ్రపడడానికి దోసెడు జొన్నలు పోసి, ఆ పిండిని పారబోసేది. ఒక్కసారి ఆ దోసెడు పోయడం మరిచిపోతే, మర్నాడు క్యాంపస్‌లో ఒక ప్రొఫెసరుగారి ఇల్లంతా చపాతీలు తిని ఏడ్చిందని నేను చాలామందికి చెప్పాను. ఏడ్చింది వాళ్ళ వంటమనిషి ఒక్కతే. వేడిపిండి వాసన, కాలిన డీజిల్ వాసన, తడి గోనెసంచుల వాసన, ఈ మూడూ కలిసి మా అన్నంలో, బట్టల్లో, నా పుస్తకాల్లో ఉండేవి. పరీక్ష కాగితం దిద్దినవాళ్ళు అది నాదని వాసన చూసి కనిపెట్టేవాళ్ళనుకుంటాను.

ఇప్పుడు ఆ ఇంజను గురించి. ఒకటే సిలిండరు, మనిషి ఛాతీ ఎత్తు, రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు. ఒక చక్రం నుంచి పొడుగాటి తోలుపట్టా షెడ్డు అవతలి కొసన ఉన్న పిండిరాళ్ళ దాకా పోయేది. పైన మూత తీస్తే పక్కపక్కనే రెండు వాల్వులు, వాటిని నొక్కడానికి వాటి నెత్తిన రెండు ఇనుప చేతులు. ఒక వాల్వు గాలిని లోపలికి తెస్తుంది, రెండోది పొగను బయటికి పంపుతుంది. మా మామయ్య బతికుండగా వాటికి పేర్లు పెట్టాడు. గాలి తెచ్చేది పెండ్లిపిల్ల, పొగ వదిలేది పెండ్లికొడుకు. ఇంటికి గాలి పిల్లతోనే వస్తదని, పొగ పిలగాడు రోడ్డు మీద వదుల్తడని అనేవాడు. ఇనుప చేతికీ వాల్వు కొసకూ మధ్య, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, సన్నటి సందు ఉండాలి. వేడెక్కితే ఇనుము సాగుతుంది, ఆ సాగడానికే ఈ జాగా. సందు తక్కువైతే, వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకోదు. లోపల గాలి నొక్కుడు కారిపోయి, ఇంజను నీరసించి ఆగిపోతుంది. సందు ఎక్కువైతే ఆగదు కానీ, ఇనుము మీద ఇనుము దెబ్బలాడి టకటక మోత పుడుతుంది. డీజిల్ ఇంజను గురించి నేను చదివిన లావుపాటి పుస్తకంలో నాకు ఇవాళ్టికీ మిగిలిన చదువు ఇంతే.

ఆ సందును కొలవడానికి సన్నటి ఉక్కు రేకులు ఉంటాయి. ఇంజను బిగించడానికి వచ్చిన మెకానిక్కు తన రేకులు వదిలిపెట్టి పోనన్నాడట. మామయ్య పోనివ్వనన్నాడట. చివరికి రాజీ ఏమిటంటే, ఇంట్లో ఉన్న కాగితాలు, అట్టలు అన్నీ పట్టుకొచ్చి రేకుతో పోల్చి చూశారు. గోడ మేకుకు గుచ్చిన ఒక పెండ్లికార్డు సరిగ్గా ఆ మందమే తేలింది. దూరపు చుట్టాలు, సక్కుబాయి, వీరేశం అనే దంపతుల పెండ్లి. ఆ రోజునుంచి ఆ కార్డు మా ఇంటి కొలబద్ద అయింది. దాన్ని రేకుడబ్బాలో పెట్టి నూనె డబ్బా పక్కన ఉంచేవాళ్ళు. వాల్వు సందును మా ఇంట్లో ఎవరూ గ్యాపు అనలేదు, క్లియరెన్సు అనలేదు. సక్కుబాయి సందు అనేవాళ్ళు. నెలకోమారు మూత తీసి, సక్కుబాయి పడుతున్నదా లేదా అని చూసేవాళ్ళు. ఒకసారి ఆ సక్కుబాయి నిజంగానే మా ఇంటికి భోజనానికి వస్తే, మామయ్య ఆమెను ఎగాదిగా చూసి, ఇంతమందిల నీ మందం ఒక్కటే కరెక్టు బిడ్డా అన్నాడట. ఆమె మళ్ళీ రాలేదు.

మామయ్య పోయాక అందరూ గిర్నీ కూడా పోయిందనే అనుకున్నారు. అత్త పదకొండో రోజున మూత తీసి నూనె పోసింది. ఆ ఇంజను హ్యాండిలు తిప్పడం మాటలు కాదు. లోపలి గాలి నొక్కుడును వదిలించే మీటను ఒకరు ఎత్తి పట్టుకోవాలి, ఒకరు హ్యాండిలు పట్టి చక్రానికి ఊపు తేవాలి, ఊపు అందిన క్షణాన మీట వదలాలి. రెప్పపాటు తేడా వస్తే హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు విరుగుతుంది. అత్తా అనసూయా కొంగులు నడుముకు బిగించి తిప్పేవాళ్ళు. అనసూయ అప్పుడు నల్లకుంటలో కుట్టుపని నేర్చుకునేది. కుట్టుమిషను తొక్కిన కాళ్ళతో వచ్చి ఇంజను తిప్పేది. నేను ఉన్నప్పుడు నేనే తిప్పేవాణ్ణని రాయాలని చెయ్యి లాగుతున్నది. మీట పట్టుకునేవాణ్ణి.

అత్త మరిది రాజయ్యకు ముషీరాబాద్‌లో సైకిలు దుకాణం ఉండేది. చెడ్డవాడు కాడు. అన్న పోయాక వదినె చీరకొంగు ఎప్పుడు పట్టాలో చిక్కుకుంటుందోనని అతనికి నిజంగానే భయం. ఆ భయానికి తోడు, ఆ షెడ్డులో ఇంకో సైకిలు దుకాణం పెడితే బాగుంటుందన్న ఆలోచన కూడా ఉండేది. రెండింటిలో ఏది పెద్దదో అతనికే తెలియదు. ఆదివారం ఆదివారం వచ్చి, ఇంజనును ఊళ్ళో ఎవరి బావికైనా అమ్మేద్దామని చెప్పిపోయేవాడు.

"ఆడోళ్ళు పట్టుకునే హ్యాండిలా గిది, వదినె? రేపు కొంగు పట్టాల వడితె ఎవ్వలు జవాబు చెప్పాలె?"

"కొంగు నాది, పట్టా నాది," అనేది అత్త, చేటతో చెరుగుతూ. "జవాబు గూడ నాదే."

ఇట్లా ఎంతకాలమైనా సాగేదే. కానీ ఆ వానకాలం ఎలుకలు రేకుడబ్బా మూత తోసి లోపల పడ్డాయి. సక్కుబాయి సగం పేరూ, ముహూర్తమూ తినేసి వీరేశాన్ని మాత్రం మిగిల్చాయి. కొలబద్ద పోయింది. ఇంజను నడుస్తూనే ఉంది గదా అని ఎవరూ మూత తీయలేదు. చూడకపోతే సందు ఊరికే ఉండదు, వాల్వు అరిగి అరిగి తన గూట్లో దిగిపోతుంది, సందు మూసుకుంటూ వస్తుంది. చలి మొదలయ్యేసరికి ఇంజను పొగ కక్కడం మొదలుపెట్టింది. గోధుమలు ఎక్కువ పోస్తే రాళ్ళు నిలిచిపోయేవి. ఆడవాళ్ళు అరుగు మీద కాసేపు కూర్చుని, మొహమాటపడుతూ లేచి, డబ్బాలు ఎత్తుకుని లాలాపేట్‌లో కొత్తగా పెట్టిన కరెంటు గిర్నీకి పోయేవాళ్ళు. అత్త వాళ్ళను పేరు పెట్టి పిలిచి, డబ్బా మూత సరిగ్గా పెట్టుకొమ్మని చెప్పి మరీ పంపేది.

రాజయ్యకు అది చాలు. ఒకరోజు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు, ఊళ్ళో బావి ఉన్న మనిషిని. అతను ఇంజను చుట్టూ తిరిగి, సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు. ఆ వేళకు గిర్నీ ముందు పదిమంది ఉన్నారు. హాస్టలు మెస్సు వంటాయన కూడా ఉన్నాడు. వచ్చే ఆదివారం హాస్టల్లో విందు ఉందనీ, రెండు రిక్షాల గోధుమలు పంపుతాననీ చెప్పడానికి వచ్చాడు. అత్త అందరి ముందూ చేట కింద పెట్టింది.

"ఆదివారం హాస్టలు గోధుమలు పోస్త. ఇంజను అన్నీ పడితె గిర్నీ నాది, ఇంకెన్నడు ఈ మాట ఎత్తొద్దు. పట్టకపోతె నువ్వే బండి తెచ్చి తీస్కపో, రాజయ్యా. నేనే చెయ్యేసి ఎక్కిస్త."

బావి మనిషి నవ్వాడు. అనసూయ తల్లి ముఖంలోకి చూసింది. నేను మాత్రం, ఎవరూ అడగకముందే, ఇంజను నేను సరిచేస్తానన్నాను. ఇంజనీరింగు చదువుతున్నవాణ్ణి, పది మంది ముందు ఊరుకుంటే ఎట్లా? అప్పటిదాకా నేను వాల్వు సందును బొమ్మలో తప్ప సరిచేయలేదు.

చెవి సంగతి ఇక్కడే ఒప్పుకోవాలి. పేచ్‌కస్ చెవికి పెట్టుకుని వినడం మా వర్క్‌షాప్ సారు విద్య. నేను ఆ వారంలో అట్లాగే విన్నాను. నాకు ఇంజను మోత తప్ప ఇంకేమీ వినపడలేదు, చెవికి గ్రీజు అంటుకుంది. దాంతో కొలతనే నమ్ముకున్నాను. మామయ్య ఇంజను పుస్తకంలో సందు ఎంత ఉండాలో అంకె ఉంది. ఇంట్లో తీగకు గుచ్చిన పెండ్లికార్డులన్నీ తీసుకుని, పెండ్లిళ్ళ పేరయ్యలాగా చంకన పెట్టుకుని క్యాంపస్‌కు పోయాను. వర్క్‌షాప్‌లో స్క్రూగేజి దవడల మధ్య ఒక్కో కార్డు మూల పెట్టి కొలుస్తూ కూర్చున్నాను. సారు ఉక్కు రేకులు బయటికి ఇవ్వనన్నారు, స్క్రూగేజి అక్కడే వాడుకోనిచ్చారు. వెనకనుంచి వచ్చి కాసేపు చూసి, ఇందులో నీ పెండ్లిది ఏదన్నా ఉందా అని అడిగి పోయారు. చివరికి ఒక కార్డు దొరికింది. అంకెకు అంకె, గీతకు గీత. తార్నాక మొదటి కూడలి నుంచి ఇంటిదాకా నేల మీద కాలు పెట్టలేదు.

ఆదివారం పొద్దున, ఇంజను చల్లగా ఉండగా మూత తీశాను. అనసూయ చక్రం తిప్పుతుంటే అంచు మీది గీత పైకి వచ్చేదాకా చూశాను. ఆ గీత రెండుసార్లు పైకి వస్తే ఒకసారే నిజం చెబుతుంది, నాలాగే. రెండో రాకలో ఇనుప చేతులు రెండూ వదులుగా ఉంటాయి, అప్పుడే సందు చూడాలి. ముందు పెండ్లిపిల్ల. పానాతో నట్టు వదులు చేసి, కార్డు మూలను సందులో దూర్చి, పట్టీ పట్టనట్టుగా జరిగేదాకా మర బిగించి, నట్టు మళ్ళీ బిగించాను. తర్వాత పెండ్లికొడుకు. అక్కడంతా నూనె. కార్డును అటూ ఇటూ నాలుగుసార్లు లాగి, ఇంకాస్త బిగించి, మూత పెట్టాను. రాజయ్య అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అత్తా అనసూయా హ్యాండిలు పట్టారు. ఒక్క ఊపుకే ఇంజను అందుకుంది.

ఎంత మెత్తగా నడిచిందో చెబితే నమ్మరు. ఈ ఒక్కటి పెంచి చెప్పడం లేదు. మోత లేదు, పొగ లేదు. అరుగు మీద ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కుట్టుమిషను లెక్క ఉన్నదని ఎవరో అన్నారు. హాస్టలు వంటాయన పిండిని వేళ్ళమధ్య నలిపి తల ఊపాడు. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, దారిన పోయేవాళ్ళందరికీ కనపడేటట్టు చూసుకున్నాను. రాజయ్య తనకిచ్చిన చాయ్ చల్లారిపోతున్నా తాగడం మరిచిపోయాడు. మొదటి రిక్షా గోధుమలు అయిపోయాయి. రెండో రిక్షా బస్తాలు విప్పారు.

డ్రమ్ములో నీళ్ళు సలసలమనే వేళకు ఇంజను గొంతు మారింది. ముందు ఒక దెబ్బ తప్పింది. తర్వాత రెండు. పొగగొట్టం నుంచి తెల్లటి పొగ ముద్దముద్దగా వచ్చింది. పట్టా వదులై, నేలను కొట్టినట్టు చప్పుడు చేసింది. రాళ్ళు బరువుగా తిరిగి, గోధుమలు పచ్చిగానే నోట్లో పెట్టుకుని ఆగిపోయాయి. మళ్ళీ హ్యాండిలు కొడితే చక్రం ఊరికే తిరిగింది, లోపల పట్టే లేదు. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేను ఎన్నడూ వినలేదు.

రాజయ్య ఎగతాళి చేయలేదు. ఎగతాళి చేస్తే బాగుండేది. లేచి, అంగీ దులుపుకుని, "బండి తెస్త వదినె," అని సైకిలెక్కి ముషీరాబాద్ వైపు పోయాడు. వంటాయన అరుగు మీద కూర్చుని, సాయంత్రానికి విందు ఉన్నదని ఎవరికీ కాదన్నట్టు చెప్పాడు. రాజయ్య బండితో తిరిగి వచ్చేలోపల ఆ బస్తాలు పిండి కాకపోతే, అత్త తన నోటితో ఇచ్చిన మాట ప్రకారం ఇంజను బండెక్కుతుంది. అత్త ఆ మాట తప్పే మనిషి కాదు, అదే మాకు దిగులు.

నేను ఇంజను ముందు గొంతుక్కూర్చున్నాను. మూత కాలిపోతున్నది. ఎవరో గ్లాసులో నీళ్ళిచ్చారు. గ్లాసు పట్టుకున్న నా వేళ్ళ కొనలు పచ్చగా ఉన్నాయి. నూనె నలుపులో పసుపు. కాసేపు ఆ వేళ్ళనే చూశాను. తర్వాత జేబులోంచి కార్డు తీశాను. నేను వాల్వు సందులో పెట్టి లాగిన మూల నల్లగా, బోడిగా ఉంది. మిగిలిన మూడు మూలలకు పసుపు గట్టిగా ఎండి ఉంది. వర్క్‌షాప్‌లో నేను కొలిచింది కార్డును కాదు, పసుపుతో కలిపి కార్డును. పెండ్లిపిల్ల దగ్గర పసుపు ఇంకా ఉండింది. పెండ్లికొడుకు దగ్గరికి వచ్చేసరికి అది నూనెలో కరిగిపోయింది. అందరికంటే వేడెక్కే పొగ వాల్వుకు సందు సన్నమైపోయింది. చల్లగా ఉన్నంతసేపు నడిచి, వేడెక్కగానే వాల్వు సాగి తెరుచుకునే ఉండిపోయింది. ప్రపంచంలో ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ ఈ తప్పు చెయ్యలేరు. శుభలేఖ మూలలకు పసుపు పూసే దేశంలో, శుభలేఖతో ఇంజను కొలిచే ఇంట్లో తప్ప ఈ తప్పుకు జాగా లేదు. సిగ్గుపడాల్సింది పోయి, నాకు అప్పుడే కాస్త గర్వంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

తడిగోనెలు కప్పి, నీళ్ళు మార్చి ఇంజనును చల్లార్చాం. ఇంకో మూలను తీసుకున్నాను. ఈసారి ఇనుప చేతులను, వాల్వు కొసలను పాతగుడ్డతో పొడిగా తుడిచాను. కానీ కొత్త చిక్కు వచ్చింది. ఈ మూలకు పసుపు మందంగా ఉంది, ఎవరి వేలు ఎంత పూసిందో ఎవరికి తెలుసు? కొలుద్దామంటే ఆదివారం, వర్క్‌షాప్‌కు తాళం. గీకుదామంటే ఎంత గీకాలి? ఎక్కువ గీకితే మళ్ళీ పొద్దుటి కథే. ఇంజను మీదికి వంగినవాణ్ణి వంగినట్టే, వెనక్కి చూడకుండా అడిగాను: "ఇది లావుగున్నది అత్తా. సందు ఎక్కువైతది. బాగ మోత జేస్తది. ఏం జేద్దాం?"

వెనకనుంచి అత్త గొంతు వచ్చింది, కరుకుగా, ఆలస్యం లేకుండా.

"మోత జేస్తె జెయ్యనియ్. ఆగొద్దు, అంతే."

ఆ మాటతో పానా అందుకున్నాను. లావు మూలనే పెట్టి, రెండు వాల్వులకూ పుస్తకం చెప్పినదానికంటే ఎక్కువ సందే ఇచ్చి నట్లు బిగించాను. హ్యాండిలు కొట్టారు. అంత మోత ఆ గల్లీ ఎన్నడూ వినలేదు. రేకుల షెడ్డు మీద రాళ్ళవాన పడ్డట్టు టకటకటక. ఎదురింటి ముసలమ్మ తలుపు తెరిచి, చూసి, మళ్ళీ వేసుకుంది. ఒకరి మాట ఒకరికి వినపడక సైగలు చేసుకున్నాం. రాళ్ళు మాత్రం తిరిగాయి. డ్రమ్ములో నీళ్ళు సలసలమన్నా తిరిగాయి. ఆ రోజంతా నోరు విప్పని అనసూయ బస్తా తర్వాత బస్తా పోస్తూనే ఉంది. ఆమె రెప్పల నిండా పిండి. రాజయ్య బండి గల్లీ మొదట్లోకి రాగానే ఎద్దులు ఆ మోతకు బెదిరి ముందుకు రామన్నాయట. అతను బండి దిగి నడిచివచ్చి, షెడ్డు ముందు నిలబడి ఏదో అన్నాడు. వినపడలేదు. అత్త చివరి బస్తా మూతి కట్టి, అతని బండి వైపు చూపించింది. ఇంజనును తీసుకుపోవడానికి తెచ్చిన బండి మీద హాస్టలు పిండి ఎక్కించుకుని, రాజయ్యే స్వయంగా క్యాంపస్‌కు తోలుకుపోయాడు. ఆ తర్వాత కూడా ఆదివారాలు వచ్చాడు. చాయ్ తాగి, చక్రానికి బొట్టు ఉన్నదా అని చూసి పోయేవాడు. ఇంజను ఊసెత్తలేదు.

మర్నాడు నేను స్క్రూగేజితో ఆ మూల కొలుచుకొచ్చి, సందు తగ్గిస్తానన్నాను. అత్త వద్దంది. ఆ మోతతోనే గిర్నీ ఏళ్ళ తరబడి నడిచింది. సందు అంత ఎక్కువుంటే ఇనుము తొందరగా అరుగుతుందని నేను పుస్తకం చూపించాను, అరిగితే మార్చుకుందామంది. గల్లీవాళ్ళు మొదట్లో ఫిర్యాదు చేశారు. తర్వాత ఆ మోత మొదలైతేనే పొద్దు పొడిచిందనుకునేవాళ్ళు. క్యాంపస్ నుంచి ఇంటికి నడిచివస్తూ, మలుపు తిరగకముందే అది వినపడితే, అత్త ఉన్నది, గిర్నీ ఉన్నది, రాత్రికి జొన్నరొట్టె ఉన్నది అని నా కడుపుకు తెలిసేది.

మొన్న కలయికకు పోతూ ఆ గల్లీ మీదుగానే కారులో వెళ్ళాం. షెడ్డు ఉన్నచోట అద్దాల దుకాణం, పక్కనే పిండి పొట్లాలు అమ్మే ఇంకో దుకాణం. పైన మెట్రో పోతున్నది, కింద కారు పోతున్నది, రెండిటికీ చప్పుడు లేదు. కారు నడిపే కుర్రాణ్ణి అడిగితే, చాలా ఇంజన్లలో ఇప్పుడు ఆ సందు తనంతట తనే సర్దుకుంటుందనీ, ఎవరూ మూత తీయనక్కర్లేదనీ చెప్పాడు. మంచిదే. పాతకాలమే బాగుందని నేను అనను. ఆ షెడ్డులో దగ్గిన దగ్గు మా అత్తను చివరిదాకా వదల్లేదు, నా కుడిచెవికి ఇప్పుడు సగమే వినపడుతుంది. కానీ నిశ్శబ్దంగా నడిచేదల్లా బాగా నడుస్తున్నట్టు అని నాకు ఎవరూ చెప్పకండి. అట్లా నడిచినదాన్ని ఒకదాన్ని నేను చూశాను, మధ్యాహ్నానికి ఆగిపోయింది. ఆనకట్టలవాళ్ళూ, కరెంటువాళ్ళూ నా గిర్నీని చూసి నవ్వినా, వాళ్ళ ముందు మళ్ళీ మైకు దొరికితే మళ్ళీ మోతే చేస్తాను. అది నాకు మా అత్త నేర్పిన చదువు.

ఇక్కడిదాకా రాసి కాగితాలు అనసూయకు ఇచ్చాను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు చదివింది. రాజయ్య బండి దగ్గర కొంచెం నవ్వింది. చదవడం అయ్యాక కాగితాలు నా ఒళ్ళో పెట్టింది.

"మోత జేస్తె జెయ్యనియ్ అని అమ్మ అనలే బావా," అంది. "నేనన్న. అమ్మ బస్తాల ఎన్కకు వోయి, కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సుకుంట కూసున్నది. నువ్వు ఇటు తిరిగి సూడలే."

నాకు అత్త గొంతే వినపడిందన్నాను.

"నాది అమ్మ గొంతే. ఇంజన్ల ఏ వాల్వు ఎట్ల కొట్టుకుంటదో ఇనవడుతదని మైకుల చెప్తివి గని, ఎన్క నిలవడ్డ మనిషి ఎవ్వలో ఇన్నేండ్లకు గూడ తెల్వలే నీ చెవికి."